మెటల్ ఆక్సైడ్ యూవీ డిటెక్టర్లు: చూడటంలో చురుకు, మరవడంలో బద్ధకం

ఈ సమీక్షకు తీసుకున్నవి అతినీలలోహిత (యూవీ) కాంతిని కొలిచే నాలుగు మెటల్ ఆక్సైడ్ డిటెక్టర్లు. మొదటిది పలక మీద పలుచగా పరిచిన జింక్ ఆక్సైడ్ పొర; దాని పైన ఒకదాని వేళ్ల మధ్యకు మరొకటి చొచ్చుకువచ్చే రెండు లోహపు ఎలక్ట్రోడ్లు తప్ప మరేమీ లేవు. రెండోది కూడా అదే, కాకపోతే పైన అల్యూమినియం ఆక్సైడ్ రక్షణ పొర ఉంది. మూడోది నికెల్ ఆక్సైడ్, జింక్ ఆక్సైడ్ కలిసిన డయోడ్, అంటే రెండు రకాల అర్ధవాహకాలను జతచేసిన పరికరం. నాలుగోది గాలియం ఆక్సైడ్‌తో చేసినది. నాలుగూ ఒకే తయారీదారు నుంచి వచ్చాయి. ఆ పేరు ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే నేను ఎత్తిచూపబోయే లోపాలలో చాలావరకు పదార్థానివే. మొదటి డిటెక్టర్‌లోని లోపాలను తర్వాతి మూడూ ఎంతవరకు సరిదిద్దాయన్నదే నేను చూడదలచుకున్న విషయం. కరపత్రంలో పెద్ద అక్షరాలతో రాసిన స్పందన అంకెలను బట్టి కొంటే మొదటిదే అన్నిటికంటే గొప్పదనిపిస్తుంది. వాడి చూస్తే రోజువారీ పనికి అన్నిటికంటే తక్కువగా పనికొచ్చేదీ అదే.

అసలు సిలికాన్ ఉండగా ఈ ఆక్సైడ్‌లు ఎందుకన్న ప్రశ్నకు జవాబు బ్యాండ్ గ్యాప్‌లో, అంటే పదార్థంలో బంధించి ఉన్న ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి కావలసిన కనీస శక్తిలో ఉంది. సిలికాన్ బ్యాండ్ గ్యాప్ 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే కాబట్టి అది సుమారు 1100 నానోమీటర్ల వరకు, అంటే కంటికి కనిపించే కాంతికీ ఇన్‌ఫ్రారెడ్‌లో కొంత భాగానికీ కూడా స్పందిస్తుంది. దాని చేత యూవీ మాత్రమే కొలిపించాలంటే ముందు ఖరీదైన ఫిల్టర్లు పెట్టాలి; ఆ ఫిల్టర్లు యూవీకి గురైన కొద్దీ పాడవుతాయి, సిలికాన్ పైపొర కూడా క్షీణిస్తుంది. జింక్ ఆక్సైడ్ బ్యాండ్ గ్యాప్ సుమారు 3.37 ఎలక్ట్రాన్ వోల్టులు. శక్తిని తరంగదైర్ఘ్యంగా మార్చే 1240 అనే స్థిరాంకాన్ని ఆ అంకెతో భాగిస్తే దాదాపు 368 నానోమీటర్లు వస్తుంది. అంతకంటే పొడవైన తరంగాలను ఈ పదార్థం దాదాపుగా పట్టించుకోదు. గదిలో దీపాలు వెలిగించినా ఆర్పినా మొదటి డిటెక్టర్ రీడింగులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు, 365 నానోమీటర్ల ఎల్‌ఈడీ టార్చి చూపగానే మాత్రం కరెంటు ఒక్కసారిగా లేచింది. ఫిల్టర్ లేకుండానే ఈ ఎంపిక సాధ్యం కావడం, పైగా చవకైన పద్ధతులలో, ద్రావణం నుంచి కూడా పొరను తయారు చేయగలగడం ఈ పదార్థానికి ఉన్న నిజమైన బలాలు. గాలియం నైట్రైడ్, సిలికాన్ కార్బైడ్ డిటెక్టర్లు కూడా కనిపించే కాంతిని వదిలేస్తాయి, వేగంలో, నిలకడలో వీటికంటే ముందుంటాయి. అయితే వాటి స్ఫటికాలను పెంచడం చాలా ఎక్కువ శ్రమతో, ఖర్చుతో కూడిన పని.

మొదటి డిటెక్టర్ స్పందన నిజంగానే ఆశ్చర్యపరుస్తుంది. 365 నానోమీటర్ల వద్ద, పడిన ప్రతి ఫోటాన్‌కూ (కాంతి కణానికీ) ఒక ఎలక్ట్రాన్ చొప్పున లెక్క కడితే, ఒక వాట్ కాంతికి రాగల కరెంటు 0.29 ఆంపియర్లు. ఈ డిటెక్టర్ అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తుంది. ఒక్క ఫోటాన్ ఒకటి కంటే ఎక్కువ ఎలక్ట్రాన్లను ఎలా కదిలిస్తుందని సందేహం రావడం సహజమే. ఫోటాన్ పుట్టించిన ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలివెళ్లిన, ధనావేశంలా ప్రవర్తించే ఖాళీ) జంటలో హోల్ ఎక్కడో ఒకచోట చిక్కుకుపోతే, జంట కోల్పోయిన ఎలక్ట్రాన్ వెంటనే నశించదు. అది ఒక ఎలక్ట్రోడ్ గుండా బయటికి పోతే, విద్యుత్ తటస్థత కోసం రెండో ఎలక్ట్రోడ్ నుంచి మరొకటి లోపలికి వస్తుంది. హోల్ విడుదలయ్యే దాకా ఈ రాకపోకలు సాగుతూనే ఉంటాయి. ఇదే గెయిన్. జింక్ ఆక్సైడ్ నానోవైర్ల (నానోమీటర్ల మందపు తీగల) మీద 2007లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో ఈ గెయిన్ పది కోట్ల స్థాయికి చేరినట్టు చూపించారు. అంతకు ముందు 2002లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖలో పెయ్‌డాంగ్ యాంగ్ బృందం ఒంటరి నానోవైర్ నిరోధకత యూవీ కాంతిలో పదివేల నుంచి పది లక్షల రెట్లు పడిపోతుందని చూపింది. ఈ రంగంలో ఇన్ని పరికరాలు పుట్టడానికి ఆ రెండు ఫలితాలూ ప్రేరణనిచ్చాయి.

అయితే ఆ గెయిన్‌కు చెల్లించే మూల్యం కాలం రూపంలో ఉంటుంది. హోల్ ఎంతసేపు చిక్కుకుని ఉంటే గెయిన్ అంత ఎక్కువ. అంతసేపూ డిటెక్టర్ కాంతిని మరవదు. టార్చి ఆర్పి, డిటెక్టర్ మీద నల్ల కాగితం కప్పి, మీటరు వైపు చూస్తూ కూర్చుంటే ఈ సంగతి కళ్లకు కడుతుంది. మొదట రీడింగు గబగబా సగానికి పడుతుంది, ఇక సున్నాకు వచ్చేస్తుందని అనుకునే లోగా నెమ్మదిస్తుంది. చివరి అంకెలు ఎంత మెల్లగా దిగుతాయంటే మీటరు ఆగిపోయిందేమోనని అనుమానం వస్తుంది. పొయ్యి ఆర్పిన చాలాసేపటి వరకు పెనం చల్లారనట్టే ఉంటుంది ఈ వ్యవహారం. మళ్లీ టార్చి వేసి ఆర్పితే, ఈసారి మొదలయ్యే చోటే పాత చీకటి స్థాయి కంటే పైన ఉంటుంది. ఇలా కొన్నిసార్లు చేశాక డిటెక్టర్ చెబుతున్నది ఇప్పటి కాంతినా, ఇంతకుముందటి కాంతినా అన్నది తేల్చుకోలేని స్థితి వస్తుంది.

దీనికి కారణం పొర ఉపరితలంలో, అక్కడికి వచ్చి అంటుకునే గాలిలో ఉంది. చీకట్లో ఉన్నప్పుడు గాలిలోని ఆక్సిజన్ అణువులు జింక్ ఆక్సైడ్ ఉపరితలానికి అంటుకుని, లోపలి ఎలక్ట్రాన్లను లాక్కుని రుణావేశం పొందుతాయి. అందువల్ల ఉపరితలం దగ్గర ఎలక్ట్రాన్లు లేని పలుచని మండలం ఏర్పడి, కరెంటు తగ్గుతుంది. చీకటి కరెంటు తక్కువగా ఉండటానికి ఈ ఆక్సిజనే కారణం. యూవీ పడగానే పుట్టిన హోల్‌లు ఉపరితలానికి చేరి ఆ ఆక్సిజన్ అయాన్ల ఆవేశాన్ని తీసేస్తాయి, ఆక్సిజన్ ఎగిరిపోతుంది, వెనుక మిగిలిన ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయి. కాంతి పోయాక పరికరం పాత స్థితికి రావాలంటే ఆక్సిజన్ మళ్లీ వచ్చి అంటుకోవాలి, అది తొందరగా జరిగే పని కాదు. దీనికి తోడు స్ఫటికం లోపల ఆక్సిజన్ ఉండాల్సిన చోట ఏర్పడిన ఖాళీలు కూడా కాంతికి ఆవేశ స్థితి మార్చుకుని, చుట్టుపక్కల పరమాణువులను పక్కకు జరిపి, వెనక్కి రావడానికి మొరాయిస్తాయి. మనం పొరను మాత్రమే కొంటున్నామనుకుంటాం కానీ, నిజానికి ఆ చుట్టూ ఉన్న గాలిని కూడా పరికరంలో భాగంగా కొంటున్నామన్నమాట.

గాలి భాగమైనప్పుడు తేమ కూడా భాగమే. నీటి అణువులు కూడా ఆక్సిజన్ కూర్చునే చోట్ల కోసం పోటీపడతాయి. మూత తీసిన మొదటి డిటెక్టర్ మీద నోటితో మెల్లగా ఊదితే చాలు, కాంతిలో ఏ మార్పూ లేకపోయినా రీడింగు కదిలింది. గ్యాస్ సెన్సర్లలో కూడా ఇదే జింక్ ఆక్సైడ్‌నూ, టిన్ ఆక్సైడ్‌నూ వాడతారని తెలిసినవారికి ఇందులో వింత కనిపించదు. కాని కాంతిని కొలిచే పరికరంగా అమ్మినప్పుడు, ఏ తేమలో, ఏ ఉష్ణోగ్రతలో ఆ అంకెలు కొలిచారో డేటాషీట్‌లో రాయకపోవడం క్షమించరానిది. నాకు వచ్చిన పత్రంలో ఆ వివరం లేదు.

రెండో డిటెక్టర్‌లో చేసిన మెరుగుదల ఈ సమస్యను నేరుగా ఎదుర్కొంటుంది. పరమాణువుల పొరలను ఒకదాని మీద ఒకటిగా పేర్చే పద్ధతిలో అల్యూమినియం ఆక్సైడ్‌ను జింక్ ఆక్సైడ్ పైన కప్పారు. అల్యూమినియం ఆక్సైడ్ బ్యాండ్ గ్యాప్ చాలా పెద్దది కనుక యూవీని అడ్డుకోదు, గాలిని మాత్రం అడ్డుకుంటుంది. ఊదినా రీడింగు కదలలేదు. టార్చి ఆర్పాక దిగడం స్పష్టంగా వేగవంతమైంది, మళ్లీ మళ్లీ వెలిగించి ఆర్పినా మొదలయ్యే స్థాయి పెద్దగా జరగలేదు. దీనికి ప్రతిఫలంగా గరిష్ఠ స్పందన తగ్గింది, చీకటి కరెంటు కొంత పెరిగింది. రెండూ ఊహించదగినవే. ఎలక్ట్రాన్లను లాక్కుని చీకటి కరెంటును అదుపులో పెట్టే ఆక్సిజన్‌కు ఇప్పుడు ప్రవేశం లేదు. జింక్ ఆక్సైడ్ తనలోని లోపాల వల్ల, చొరబడిన హైడ్రోజన్ వల్ల సహజంగానే ఎన్-రకం (ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఉన్న) పదార్థం కాబట్టి ఆ ఎలక్ట్రాన్లు అలాగే మిగిలిపోతాయి. రక్షణ పొర వేయడానికి ముందు ఆక్సిజన్‌లో వేడిచేయడం, ఆక్సిజన్ ప్లాస్మాకు గురిచేయడం వంటి పనులతో ఖాళీలను ముందే పూడిస్తే ఈ నష్టం తగ్గుతుంది. మొత్తం మీద నాకు ఇది న్యాయమైన బేరంగానే అనిపించింది. తక్కువ చెప్పినా మాట మీద నిలబడే మీటరు నాకు కావాలి.

మూడోది ఈ నాలుగింటిలో నాకు బాగా నచ్చింది. జింక్ ఆక్సైడ్‌ను స్థిరమైన పీ-రకంగా (హోల్‌లు ఎక్కువగా ఉన్నదిగా) మార్చడం దశాబ్దాలుగా ఎంతోమందిని ఇబ్బంది పెట్టిన విషయం. అందుకే సహజంగా పీ-రకమైన నికెల్ ఆక్సైడ్‌ను తెచ్చి దానితో జత కలిపారు. రెండూ కలిసే చోట ఏర్పడే అంతర్గత విద్యుత్ క్షేత్రం, కాంతి పుట్టించిన ఎలక్ట్రాన్‌నూ హోల్‌నూ వెంటనే చెరోవైపుకు లాగేస్తుంది; హోల్ ఉపరితలం దాకా వెళ్లి ఆక్సిజన్‌తో కాలక్షేపం చేయాల్సిన అవసరం ఉండదు. బయటి నుంచి వోల్టేజి ఇవ్వకుండానే ఇది పనిచేస్తుంది. బ్యాటరీ తీసేసి, రెండు తీగలను నేరుగా సున్నితమైన కరెంటు మీటరుకు కలిపి టార్చి చూపినప్పుడు ముల్లు చటుక్కున కదిలి, చేయి అడ్డం పెట్టగానే అంతే చటుక్కున వెనక్కి వచ్చింది. నికెల్ ఆక్సైడ్ బ్యాండ్ గ్యాప్ జింక్ ఆక్సైడ్ కంటే పెద్దది కాబట్టి ఆ వైపు నుంచి కాంతి వేస్తే అది కిటికీలా వదిలేసి జంక్షన్ దాకా పోనిస్తుంది. ఏ వైపు కాంతికి ఎదురుగా పెట్టాలో డబ్బా మీద గుర్తు పెట్టి ఉండాల్సింది. గెయిన్ లేదు కనుక స్పందన ఆ 0.29 ఆంపియర్ల లెక్కకు లోబడే ఉంటుంది, కరెంటు చాలా చిన్నది, మంచి ఆంప్లిఫయర్ లేనిదే మామూలు మైక్రోకంట్రోలర్ దాన్ని చదవలేదు. ఆ ఆంప్లిఫయర్‌ను బోర్డు మీదే పెట్టడం తయారీదారు చేసిన మంచి పని.

వేగం కోసం మరో దారి కూడా ఉంది. ఇండియం, గాలియం, జింక్ కలిసిన ఆక్సైడ్‌తో ట్రాన్సిస్టర్ చేసి, కాంతి పోయాక దాన్ని నియంత్రించే గేట్ అనే ఎలక్ట్రోడ్‌కు ఒక చిన్న ధన వోల్టేజి పల్స్ ఇస్తే, చిక్కుకున్న ఆవేశాలు ఒక్కసారిగా కలిసిపోయి పాత జ్ఞాపకం చెరిగిపోతుందని 2012లో చూపారు. టీవీ తెరలలో వాడే పదార్థమే కాబట్టి ఇది పెద్ద సెన్సర్ పలకలకు బాగా అతుకుతుంది. బంగారం, వెండి నానోకణాలు చల్లిన రకాలు కూడా ఉన్నాయి. వాటిలో చీకటి కరెంటు తగ్గడం నిజమే గానీ, ఆ లాభం ఎంతవరకు లోహం, ఆక్సైడ్ కలిసే చోట ఏర్పడే అవరోధం వల్ల, ఎంతవరకు ప్లాస్మాన్‌ల (లోహంలోని ఎలక్ట్రాన్ల సామూహిక కంపనాల) వల్ల అన్నది చాలాసార్లు అస్పష్టంగానే వదిలేస్తారు. అలాంటివాటిని దీర్ఘకాలం వాడకుండా మెచ్చుకోలేను.

గాలియం ఆక్సైడ్ విషయం వేరు. దాని బీటా రూపం బ్యాండ్ గ్యాప్ సుమారు 4.8 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే దాదాపు 260 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలనే చూస్తుంది. సూర్యుడి నుంచి వచ్చే 280 నానోమీటర్ల లోపు కిరణాలను ఓజోన్ పొర మింగేస్తుంది కాబట్టి నేల మీద ఆ భాగంలో సూర్యకాంతి దాదాపు ఉండదు. మిట్ట మధ్యాహ్నపు ఎండలో పెట్టినా నాలుగో డిటెక్టర్ చీకట్లో ఉన్నట్టే ఉండిపోయింది. క్రిమిసంహారక మెర్క్యురీ దీపపు 254 నానోమీటర్ల కాంతికి మాత్రం వెంటనే లేచింది. ఈ దీపాన్ని ఒట్టి కళ్లతో చూడకూడదు, చర్మం మీద పడనివ్వకూడదు. డబ్బాలో ఆ హెచ్చరిక ఉంది, అది మెచ్చుకోదగినది. పగటి వెలుగులో మంటను కనిపెట్టడానికీ, హైవోల్టేజి తీగల మీద కరోనా ఉత్సర్గాన్ని (గాలిలోకి జరిగే విద్యుత్ లీకును) పట్టుకోవడానికీ, నీటి శుద్ధి దీపం బలహీనపడిందో లేదో చూడటానికీ ఇలాంటి సూర్యాంధ డిటెక్టరే సరైనది. జింక్ ఆక్సైడ్‌లో మెగ్నీషియం కలిపి బ్యాండ్ గ్యాప్‌ను పెంచే ప్రయత్నం కూడా ఈ దిశలోనిదే, కాని మెగ్నీషియం పాలు మూడో వంతు దాటితే స్ఫటికం రెండు వేర్వేరు నిర్మాణాలుగా విడిపోయే ప్రమాదం ఉంది.

ఇక్కడా కొన్ని ఇబ్బందులు ఉన్నాయి. గాలియం ఆక్సైడ్‌ను పీ-రకంగా మార్చడం ఇంతవరకు ఆచరణలో సాధ్యపడలేదు, అందుచేత దానితో ఒకే పదార్థపు డయోడ్ చేయలేరు. లోహాన్ని నేరుగా దానికి అతికించిన షాట్‌కీ జంక్షన్‌గానో, వేరే ఆక్సైడ్‌తో జంటగానో చేయాలి. నా దగ్గరున్నది షాట్‌కీ రకం. ఆక్సిజన్ ఖాళీల బెడద దీనికీ ఉంది కాబట్టి ఆర్పాక దిగడంలో చిన్న తోక మిగులుతుంది, మొదటి డిటెక్టర్‌తో పోలిస్తే అది అసలు లెక్కలోకి రాదు. వేడిని బయటికి పంపే గుణం ఈ పదార్థానికి తక్కువ. డిటెక్టర్‌కు అది పెద్ద ఆటంకం కాదు, పవర్ పరికరాలు చేసేవారికే ఆ బాధ. కిటికీని మాత్రం జాగ్రత్తగా చూడాలి. మామూలు గాజు సుమారు 320 నానోమీటర్ల కింది కాంతిని చాలావరకు ఆపేస్తుంది కనుక, దాని ముందు సాధారణ గాజు పెడితే ఎంత గొప్ప గాలియం ఆక్సైడ్ అయినా గుడ్డిదే. క్వార్ట్జ్ కిటికీ ఉండాలి. నాకు వచ్చినదానికి క్వార్ట్జ్ ఉంది.

డేటాషీట్ గురించి కొంచెం కఠినంగానే మాట్లాడాలి. స్పందనశీలతను ఎంత కాంతి తీవ్రత వద్ద కొలిచారో చెప్పలేదు. గెయిన్ ఉన్న డిటెక్టర్లలో కాంతి పెరిగేకొద్దీ చిక్కుకునే చోట్లు నిండిపోయి ఒక్కో వాట్‌కు వచ్చే కరెంటు తగ్గుతుంది. కాబట్టి అతి బలహీనమైన కాంతిలో కొలిచిన అంకెను పత్రం నెత్తిన వేయడం పాఠకుణ్ణి మభ్యపెట్టడమే. కనిపెట్టగల కనిష్ఠ కాంతిని సూచించే డిటెక్టివిటీని కూడా చీకటి కరెంటు నుంచి వచ్చే షాట్ నాయిస్ (ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా రావడం వల్ల కలిగే ఒడిదుడుకు) ఒక్కటే ఉన్నట్టు లెక్కగట్టారు. తక్కువ పౌనఃపున్యాల వద్ద ఈ పొరలలో ఫ్లికర్ నాయిస్ (నెమ్మదైన ఒడిదుడుకులు) అంతకంటే చాలా ఎక్కువగా ఉండటం మామూలే, దాన్ని నేరుగా కొలవకుండా వదిలేస్తే డిటెక్టివిటీ నిజం కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. పెరిగే సమయాన్ని 10 నుంచి 90 శాతానికి చేరే కాలంగా ఇచ్చారు, తగ్గే సమయాన్ని మాత్రం మొదటి వేగవంతమైన భాగానికే సరిపోయేలా లెక్కించారు. ఆ నెమ్మదైన తోక పత్రంలో ఎక్కడా కనిపించదు.

ఎండలోని యూవీ సూచికను కొలవడానికి ఈ మొదటి మూడింటిలో దేన్నైనా నేరుగా వాడవచ్చునని కరపత్రం సూచిస్తోంది, అది సరికాదు. యూవీ సూచిక చర్మం ఎర్రబారే స్వభావాన్ని బట్టి తూకం వేసిన కొలత. అందులో ఒక్క యూనిట్ అంటే తూకం వేసిన తర్వాత చదరపు మీటరుకు 25 మిల్లీవాట్లు. ఆ తూకంలో 298 నానోమీటర్ల వరకు పూర్తి బరువు, ఆ పైన బరువు వేగంగా పడిపోతుంది. జింక్ ఆక్సైడ్ 370 నానోమీటర్ల దాకా సమానమైన ఉత్సాహంతో స్పందిస్తుంది, ఎండలో యూవీ-ఏ (పొడవైన యూవీ తరంగాల) వాటా యూవీ-బీ (పొట్టి తరంగాల) కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుచేత అది ప్రధానంగా యూవీ-ఏనే చదువుతుంది. ఉదయం, సాయంత్రం సూర్యుడు వాలి ఉన్నప్పుడు యూవీ-బీ మరింత ఎక్కువగా తగ్గుతుంది కనుక, మధ్యాహ్నం సరిచేసిన గుణకం ఆ వేళల్లో తప్పు చెబుతుంది. సరైన ఫిల్టర్ పెడితేనే ఆ పనికి ఇవి పనికొస్తాయి, అప్పుడు ఫిల్టర్ అక్కరలేదన్న గొప్ప కాస్తా పోతుంది.

కొనదలచినవారు మొదటి డిటెక్టర్‌ను పాఠశాల ప్రయోగానికో, యూవీ ఉందా లేదా అని చూడటానికో మాత్రమే తీసుకోవాలి. ఉపరితల రసాయనం కాంతితో ఎలా ఆడుకుంటుందో విద్యార్థికి చూపించడానికి అంతకు మించిన పరికరం లేదు. రెజిన్ గట్టిపరిచే దీపాల తీవ్రతను పరిశీలించడానికి రెండోది సరిపోతుంది, ఎందుకంటే అక్కడ కాంతి పుష్కలం, మార్పు నెమ్మదైనది. మారుతున్న యూవీని వెంట వెంటనే పట్టుకోవాలంటే మూడోదే మేలు. నాలుగోదాన్ని నా దగ్గర క్రిమిసంహారక దీపం పెట్టెలోనే బిగించి ఉంచాను. దీపం ఎన్ని గంటలు వెలిగిందో లెక్కపెట్టి మార్చే బదులు, కాంతి నిజంగా తగ్గినప్పుడే మార్చే వీలు దానివల్ల కలిగింది. తయారీదారు తర్వాతి విడతలో తగ్గే సమయపు పూర్తి రేఖాచిత్రాన్ని, కొలిచినప్పటి తేమ శాతంతో సహా ముద్రిస్తే, మొదటి రకాన్ని ఎవరికి అమ్మకూడదో వారి పత్రమే చెప్పగలుగుతుంది.